సీఎన్‌జీ పికప్ ఇంజన్‌లో మిస్సింగ్: మూడో సిలిండర్ పని ఎంతదాకా వచ్చింది

నాలుగు సిలిండర్ల పెట్రోల్–సీఎన్‌జీ మినీ పికప్. ఒక్కో స్పార్క్ ప్లగ్గుకు హై వోల్టేజి ఇచ్చే కాయిల్ ఒకటి. ఖాళీ బండి బాగానే నడుస్తోంది. మిర్చి బస్తాలతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చేటప్పుడు, కాజీపేట బ్రిడ్జి ఎక్కేచోట మూడో గేర్‌లో మిస్సింగ్ వస్తోంది, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా అంటుకోక జర్కులు కొడుతోంది. పెట్రోల్‌కు మారిస్తే తగ్గుతోంది గానీ పూర్తిగా పోవట్లేదు.

అసలు ఆధారం ఇక్కడే ఉంది. గ్యాస్ అంటుకోవాలంటే ప్లగ్గు దగ్గర ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు మీద సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి స్పార్క్ దూకడం ఇంకా కష్టమవుతుంది. ఇగ్నిషన్ లోపం ముందు బయటపడేది అక్కడే. పెట్రోల్‌లో అసలు లేకుండా గ్యాస్‌లోనే మిస్సింగ్ ఉంటే గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్, గ్యాస్ ఇంజెక్టర్లు కూడా చూడాలి.

స్కానర్‌లో వచ్చిన కోడ్ పీ0303, అంటే మూడో సిలిండర్‌లో మిస్సింగ్. మూడో కాయిల్‌ను బూటుతో (ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగు) సహా రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి, అంతే లోడుతో నడిపితే పీ0302 వచ్చింది. కాయిల్‌దే తప్పనుకోవచ్చు. కానీ పీ0303 కూడా అప్పుడప్పుడు వస్తూనే ఉంది.

ఇంజన్ చల్లారాక మూడో ప్లగ్గు విప్పితే సంగతి తేలింది. తెల్లటి పింగాణీ మీద నిలువునా వెంట్రుకంత నల్లగీత. బూటు లోపల సరిగ్గా దానికెదురుగా ఇంకో గీత. స్పార్క్ దూకే ప్లగ్గు కొనల మధ్య గ్యాప్ మాన్యువల్‌లో చెప్పినదానికంటే 0.3 మి.మీ. ఎక్కువ. గ్యాప్ పెరిగితే కరెంటు లోపల దూకలేక పింగాణీ పక్కనుంచే బాడీకి పోతుంది, పోయినదారి కార్బన్‌గా మిగులుతుంది. ఇలాంటప్పుడు కాయిల్ ఒక్కటే మారిస్తే పాత ప్లగ్గు మీది గీత కొత్త బూటును కూడా కాలుస్తుంది. రెండూ కలిపే మార్చాలి.

ఇగ్నైటర్ (కాయిల్‌ను ఆన్-ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) లోపలే ఉన్న కాయిల్‌కు మల్టీమీటర్ ఓమ్స్ పెట్టి లాభం లేదు, వేరే సిలిండర్‌కు మార్చి చూడడమే నమ్మకమైన పరీక్ష. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు మిణుకుతుంటే మాత్రం లోడు లాగొద్దు, కాలని ఇంధనం పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించి చెడగొడుతుంది.

నాలుగు ప్లగ్గులు, మూడో కాయిల్, దాని బూటు కొత్తవి పడ్డాయి. ప్లగ్గు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి, అల్యూమినియం హెడ్డు మరలు త్వరగా పోతాయి. బూటు లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) పలచగా చాలు. గ్యాస్ మీద, పూర్తి లోడుతో ములుగు రోడ్డు టెస్టు ఇంకా ఉంది. అప్పుడూ పీ0303 వస్తే ఆ సిలిండర్ కంప్రెషన్ (లోపల ఒత్తిడి నిలుస్తోందా అని) చూడాలి.