మాయకు షరతు ఉండాలి

విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడుస్తూ ఉండగా, అందులోని బేతాళుడు పెట్టే షరతు తెలియని తెలుగు పాఠకులు అరుదు. సందేహానికి సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది, చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. సంస్కృత మూలంలో ఉన్నవి 25 కథలే అయినా, ‘చందమామ’ పత్రిక ఆ ఒక్క షరతును ఆధారం చేసుకుని దశాబ్దాల తరబడి కొత్త బేతాళ కథలను అల్లుతూ పోగలిగింది. ఆ రాజుకు ఇష్టం వచ్చినప్పుడు మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చి ఉంటే రెండో సంచికకే కథ చప్పబడిపోయేది. జానపదమైనా, సైన్స్ ఫిక్షన్ అయినా, సూపర్ హీరో చిత్రమైనా, చూసి వచ్చి సమీక్ష రాయడానికి కూర్చున్నప్పుడు నేను మొదట వెతికేది ఇటువంటి షరతునే. ఈ లోకంలో మాయ ఎవరికి లొంగుతుంది, ఎంతవరకు పనిచేస్తుంది, దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి అన్న ప్రశ్నలకు చిత్రం తనంతట తానే జవాబు చెప్పి, చెప్పిన మాటను చివరిదాకా నిలబెట్టుకుంటే, గ్రాఫిక్స్ కొంత నాసిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ అలవాటు నాకు చందమామ ధారావాహికల నుంచే వచ్చింది. అబిడ్స్‌లో ఆదివారం నాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య బైండు చేసిన చందమామలు కనిపిస్తే బేరమాడే ఓపిక కూడా నాకు ఉండదు. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలను రాసినది దాసరి సుబ్రహ్మణ్యం అయినా, పత్రికలో వాటికి ఆయన పేరు అచ్చు వేయలేదు కనుక, ఒక తరం పాఠకులు ఆ రచయిత ఎవరో తెలియకుండానే ఆయనకు వీరాభిమానులయ్యారు. ఆ కథలకు చిత్రా అన్న చిత్రకారుడు వేసిన బొమ్మలను, బేతాళ కథలకు శంకర్ వేసిన బొమ్మలను వరుసగా తిరగేస్తే, మన కామిక్స్ సంప్రదాయం అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. హైదరాబాదు హైటెక్స్‌లో కామిక్స్ అభిమానుల మేళా అయిన కామిక్ కాన్ జరిగినప్పుడు అమెరికన్ వీరుల వేషాలు, జపాన్ యానిమే పాత్రల వేషాలు ఎన్నో కనిపిస్తాయి. చిత్రా గీసిన మాంత్రికుడి గడ్డంతో, బుర్రల దండతో ఒక్క కుర్రవాడైనా వస్తే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను.

సినిమాల విషయానికి వస్తే, 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు చేసిన ఏర్పాటు ఇప్పటికీ నాకు కొలబద్దగానే ఉంది. సాహసవంతుడైన యువకుడిని బలి ఇస్తే దేవి కోరికలు తీర్చే ప్రతిమను అనుగ్రహిస్తుంది. ఆ ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుంది తప్ప, పట్టుకున్నవాడు మంచివాడా చెడ్డవాడా అని విచారించదు. తోట రాముడు మాంత్రికుడినే బలి ఇచ్చి ప్రతిమను సంపాదించినా, బతికి వచ్చిన మాంత్రికుడు దానిని చేజిక్కించుకున్న మరుక్షణం రాకుమారి సహా అంతా తారుమారు కావడానికి ఆ ఒక్క నియమమే చాలింది. దేవత మంచివాడి పక్షమే వహిస్తుందని రాసి ఉంటే, ఎస్.వి. రంగారావు అంతటి నటుడికి సైతం రెండో సగంలో చేయడానికి పని ఉండేది కాదు.

అదే దర్శకుడి ‘మాయాబజార్’ (1957) ఈ విషయంలో మరింత సూక్ష్మమైనది. మార్కస్ బార్ట్లీ కెమెరా పనితనం గురించి అందరూ చెబుతారు, చెప్పవలసిందే. కాని ఆ చిత్రంలో నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది, ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత కూడా అతని స్వభావం మారకపోవడం. రూపం మాత్రమే మాయ, నడక, ఆకలి, కోపం మాత్రం రాక్షసుడివే అన్న నియమం పెట్టుకున్నందువల్లే సావిత్రికి ఆ పాత్రలో అంతటి అవకాశం దొరికింది. సత్యపీఠం ఎక్కినవాడు నిజమే చెప్పాలి కాబట్టి శకునిని దాని మీదకు ఎక్కించడమే కథకు ముగింపు అయింది. ప్రియదర్శినిలో చూసినవారికి తమకు ఇష్టమైనదే కనిపిస్తుంది కాబట్టి శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపించారు. ప్రియదర్శినిని ఈనాటి లాప్‌టాప్‌తో పోల్చి మురిసిపోయేవారిని చూస్తే నాకు చిన్న విసుగు. లాప్‌టాప్ మన మనసులో ఉన్నదానిని చూపించదు.

1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోక సుందరి’ గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. ఉంగరం లేనిదే ఇంద్రజ స్వర్గానికి తిరిగి వెళ్లలేదు అన్న ఒక్క షరతు మీద అంత పెద్ద చిత్రం హాయిగా నిలబడింది.

ఆ మరుసటి ఏడాది సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ దగ్గర మాత్రం కొంతసేపు ఆగాలి. హెచ్.జి. వెల్స్ నవల ప్రేరణతో పుట్టిన కాలయంత్రాన్ని తీసుకుని, అందులో కూర్చున్నవారిని 1526లోని విజయనగరానికి, అక్కడి నుంచి క్రీ.శ. 2504కు పంపడం ఆ రోజుల్లో ఎంతటి సాహసమో వేరే చెప్పనక్కరలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు కనుక, ఎంచుకున్న సంవత్సరం చరిత్రకు చక్కగా సరిపోయింది. మన సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి వజ్రం దొంగతనంతో కథను ముడిపెట్టడం వల్ల హైదరాబాదు ప్రేక్షకుడికి ఆ కథ ఇంటి పక్కనే మొదలైనట్టు ఉంటుంది. (కథలోని మనుషులు వెళ్లిన 1526 నాటికి ఈ నగరమే లేదు. చార్మినార్ కట్టడానికి ఇంకా 65 ఏళ్లు ఉంది.) 2025 ఏప్రిల్‌లో దీనిని 4కె రూపంలో మళ్లీ విడుదల చేసినప్పుడు పెద్ద తెర మీద చూసే అవకాశం దొరికింది. రాయల ఆస్థానం సన్నివేశాలలో నాటకీయత, హాస్యం, ఇళయరాజా సంగీతం ఏమాత్రం వన్నె తగ్గలేదు. యంత్రం పాడవుతుంది, అదుపు తప్పుతుంది, దానిని పోగొట్టుకుంటే ఇక ఇల్లు చేరే దారి లేదు అన్న భయం కథ పొడుగునా ఉంటుంది. అయితే భవిష్యత్తు భాగం మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. భూమి మీద రేడియేషన్ వల్ల మనుషులు నేల లోపల బతుకుతున్నారన్న ఊహ బలమైనదే అయినా, ఆ సమాజం ఎలా నడుస్తుందో తెలుసుకునేలోపే చిత్రం అక్కడి నుంచి తొందరగా బయటపడింది.

తెలుగులో షరతును అన్నిటికంటే కఠినంగా పాటించిన చిత్రం ఏదని అడిగితే నేను సందేహించకుండా 2012 నాటి ‘ఈగ’ పేరు చెబుతాను. చంపబడిన యువకుడు ఈగగా పుట్టాడు. అంతే, ఆ ఒక్క అసాధ్యాన్ని మనం ఒప్పుకుంటే రాజమౌళి ఇంక దేనినీ ఉచితంగా తీసుకోలేదు. ఆ ఈగ మాట్లాడదు, పరిమాణం పెరగదు, ఒక చప్పట్ల దెబ్బకు చచ్చిపోగలదు. పగవాడి నిద్ర చెడగొట్టడం, డ్రైవింగ్‌లో ఏకాగ్రత పోగొట్టడం వంటి, ఈగ నిజంగా చేయగలిగిన పనులనే ఆయుధాలుగా మలిచారు. కథానాయికను సూక్ష్మ వస్తువులు చెక్కే కళాకారిణిగా పెట్టడం వల్ల ఈగకు తగిన పనిముట్లు ఎవరు చేస్తారన్న ప్రశ్నకు కూడా ముందుగానే జవాబు దొరికింది. హైదరాబాదులోని మకుట సంస్థకు ఆ చిత్రం ద్వారా స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ పురస్కారం వచ్చింది. కాని గ్రాఫిక్స్ అంతగా పండడానికి ఆ రచనలోని క్రమశిక్షణే మూలమని నా అభిప్రాయం.

హాలీవుడ్ సూపర్ హీరో చిత్రాలను తెలుగు అనువాదంలో చూడడాన్ని చులకన చేసే మిత్రులు నాకు ఉన్నారు. 2018లో ‘ఎవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ తెలుగు రూపానికి రానా దగ్గుబాటి థానోస్‌కు గొంతు ఇచ్చినప్పుడు, ఆ పాత్ర మన పౌరాణిక ప్రతినాయకుల వరుసలో చేరిపోయింది. ఆ చిత్రంలో ఆత్మమణి కావాలంటే ప్రాణానికి ప్రాణమైన వారిని బలి ఇవ్వాలన్న నిబంధన వినగానే, పాతాళ భైరవిని చూసి పెరిగిన ప్రేక్షకుడికి అది కొత్తగా అనిపించదు. నేపాళ మాంత్రికుడు పరాయివాడి ప్రాణాన్ని ఇవ్వబోయాడు, థానోస్ సొంత కూతురిగా పెంచుకున్న పిల్లనే ఇచ్చాడు. అందుకే ‘ఇన్ఫినిటీ వార్’, 2019లో వచ్చిన దాని కొనసాగింపు ‘ఎండ్‌గేమ్’, ఈ రెండింటిలో నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం. రెండోదానిలో కాలప్రయాణానికి పెట్టుకున్న నియమాలను పాత్రలే ఒకరికొకరు వివరించుకోవలసి వచ్చింది, ఆ వివరణ పూర్తయ్యాక కూడా నా పక్క సీట్లలో చర్చ ఆగలేదు.

ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ 2024 సంక్రాంతికి విడుదలైంది. అంజనాద్రి అన్న కల్పిత గ్రామంలో ఒక అల్లరి కుర్రవాడికి దొరికిన మణి సూర్యకాంతిలోనే శక్తినిస్తుంది. పొద్దు గుంకితే అతడు మళ్లీ మామూలు మనిషే. ఆంజనేయుడికి, సూర్యుడికి ఉన్న పురాణ సంబంధాన్ని కథకు అవసరమైన పరిమితిగా మార్చుకోవడం చాలా తెలివైన పని. తల్లిదండ్రులు లేనివారే సూపర్ హీరోలు అవుతారని నమ్మి సొంతవారినే చంపుకున్న ప్రతినాయకుడిని చూసి నేను నవ్వకుండా ఉండలేకపోయాను. కామిక్స్ చదివినవారికే పూర్తిగా అందే చమత్కారం అది. పతాక సన్నివేశంలో భక్తి ఉప్పొంగి నియమాలన్నీ పక్కకు జరిగాయి. హాలంతా లేచి నిలబడినప్పుడు నేనూ లేచాను, సమీక్షలో మాత్రం అర మార్కు తగ్గించాను. ‘మిరాయ్’ (2025)లో దృశ్యాలు దీనికంటే ఘనంగా ఉన్నా, ఆయుధానికి హద్దు ఎక్కడ ఉందో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

శర్వానంద్, అమల నటించిన ‘ఒకే ఒక జీవితం’ (2022)ను ఎక్కువమంది థియేటర్‌లో చూడలేదేమో అనిపిస్తుంది. గతంలోకి వెళ్లి తల్లిని బతికించుకోవాలనుకున్న కొడుకుకు కాలయంత్రం దొరుకుతుంది గాని, విధి మాత్రం లొంగదు. ఈ రకం కథలలో అంత నిజాయితీ గల ముగింపు తెలుగు తెర మీద నేను మరొకటి చూడలేదు.

ఇక ‘కల్కి 2898 ఏడీ’. 2024 జూన్‌లో విడుదలైన ఈ చిత్రంలో నాగ్ అశ్విన్ చూపిన కాశీ నగరం, ఆ నగరం మీద తలకిందులైన పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, అక్కడి డబ్బయిన యూనిట్ల కోసం అల్లాడే జనం, ఇవన్నీ ప్రసాద్స్ పెద్ద తెర మీద చూడవలసినవే. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందన్న సంప్రదాయ లెక్కకు 2898 కలిపితే 6000 అవుతుంది కనుక ఆ సంవత్సరాన్ని ఎంచుకున్నారు. క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి నిజానికి 5999 మాత్రమే అవుతుందని నా వంటి చాదస్తులు గొణుక్కుంటారు. ప్రభాస్ పోషించిన భైరవ పాత్ర పరిచయం, దాని చుట్టూ ఉన్న హాస్యం మొదటి సగాన్ని బాగా బరువెక్కించాయి. చిత్రాన్ని నిలబెట్టినది అమితాబ్ బచ్చన్ పోషించిన అశ్వత్థామ. చావు లేనివాడు పోరాడుతుంటే ఉత్కంఠ ఎక్కడిదన్న చిక్కును, అతడు కాపాడవలసిన గర్భవతికి చావు ఉందని చూపించి దాటారు. వ్యాస భారతంలోని సౌప్తిక పర్వంలో కృష్ణుడు శపించినది మూడు వేల ఏళ్ల పాటు తిరగమని. ఆ గడువును కల్కి అవతారం దాకా పొడిగించడాన్ని నేను తప్పు పట్టను, అతడిని చిరంజీవిగా తలచే ఆచారం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది.

నాకు మింగుడు పడనివి చివరి ఘట్టంలోని రెండు సంగతులు. మహాప్రస్థానానికి బయలుదేరినప్పుడు అగ్నిదేవుడు అడిగితే అర్జునుడు గాండీవాన్ని నీటిలో వదిలి వరుణుడికి తిరిగి ఇచ్చేశాడు. ఆ విల్లు కాంప్లెక్స్‌ను ఏలే ప్రతినాయకుడు యాస్కిన్ దగ్గరకు ఏ దారిన చేరిందో చిత్రం చెప్పలేదు. భైరవ పూర్వజన్మలో కర్ణుడే అని తేలినప్పుడు థియేటర్ దద్దరిల్లింది. అయితే అవసరమైన వేళకు అస్త్రం గుర్తుకు రాకుండుగాక అని పరశురాముడు పెట్టిన శాపం ఆ జన్మతోనే తీరిపోయిందా, ఈ జన్మకూ వెంట వచ్చిందా అన్నది తేలవలసి ఉంది. ఈ రెండింటికీ సమాధానం ఇస్తే రెండో భాగాన్ని మొదటి రోజు మొదటి ఆటకే చూస్తాను. ఇవ్వకుండా విల్లు ఎత్తించి, చప్పట్లు కొట్టించి పంపించినా మొదటి ఆటకే వెళతాను, కాని నా సమీక్షలో మొదటి వాక్యం ఆ శాపం గురించే ఉంటుంది.