పాలేటి ఒడ్డున గడ్డి, పెన్న ఒడ్డున పద్యం

"మతమనేదే లేకపోతే లోకంలో సగం యుద్ధాలు జరిగేవే కాదు గదా తాతా?"

మా అక్క మనవడి ప్రశ్న ఇది. వాడు అడిగిన చోటు చూడండి. నెల్లూరు బారాషహీద్ దర్గా ముందర, స్వర్ణాల చెరువులో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి అడిగాడు. తలకు చేతిరుమాలు కట్టుకున్నాడు. ఇంజనీరింగు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. వాళ్లమ్మ పోరు పడలేక రొట్టెల పండగలో ఉద్యోగం రొట్టె పట్టుకోవడానికి వచ్చాడే గానీ, దేవుడి మీద వాడికేం నమ్మకం లేదు. ఆ సంగతి నాతో చెప్పడానికి మొహమాటమూ లేదు.

మాకు ఎడంపక్క సంతానం రొట్టె, కుడిపక్క పెళ్లి రొట్టె, అవతల ఇల్లు కట్టుకునే రొట్టె, వీసా రొట్టె. పోయినేడు మొక్కుకుని కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తున్నారు, తీరాల్సినవాళ్లు పట్టుకుంటున్నారు. బొట్టు పెట్టుకున్న చేతిలోంచి బురఖా చేతిలోకి, అక్కడినుంచి మళ్లీ ఇటుకి. ఇదంతా మాకు కొత్త కాదు. మొహర్రం నెలలో ఐదు రోజులు నెల్లూరు ఇట్టాగే ఉంటుంది.

వాడికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ దర్గాలో పడుకున్న పన్నెండుమందీ యుద్ధంలో పోయినవాళ్లే. గండవరం దగ్గర తలలు తెగిపడితే, మొండేలను గుర్రాలు ఇక్కడిదాకా మోసుకొచ్చాయని మా పెద్దలు చెప్పేవాళ్లు. మొహర్రమంటే కర్బలా, అదీ యుద్ధమే. 680లో ఇమామ్ హుసేన్ వైపు డెబ్బై రెండుమంది, అవతల యజీదు సైన్యం. రెండు పక్కలా నమాజు ఒకటే, ప్రవక్త ఒకడే. యజీదు అడిగింది తన అధికారానికి తలవంచమని. హుసేన్ వంచలేదు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి నాకు తిక్కన గుర్తొచ్చాడు. ఈ ఊళ్లో ఏం ఆలోచించినా చివరికి ఆయన దగ్గరికే పోతుంది లెండి. నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువులో మంత్రి, కవి. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు. విరాటపర్వం మొదటి పద్యంలో ఆయన కొలిచిన దైవం అటు శివుడూ ఇటు విష్ణువూ అయిన హరిహరనాథుడు. భక్తజనం ఆ స్వామిని ఏమని పిలుస్తారో ఆ పద్యంలోనే చెప్పాడు: "విష్ణురూపాయ నమశ్శివాయ".

ఈ మాటను ఒకసారి నోట్లో పెట్టుకుని చూడండి. విష్ణువు రూపంలో ఉన్న శివుడికి నమస్కారం. శైవుడికి తన పంచాక్షరిలో ఒక్క అక్షరం తరగలేదు. నమశ్శివాయ పూర్తిగా ఉంది. వైష్ణవుడికి తన స్వామి పేరు ముందే వచ్చింది. మీది తప్పు అని ఎవరికీ చెప్పలేదు, కాస్త తగ్గమనీ అనలేదు. పద్యం ఎత్తుకోవడమే శ్రీ అనీ గౌరి అనీ అమ్మవారి రెండు పేర్లతో. ఆ తల్లి మనసు చిగురించడానికే స్వామి ఆ రూపం దాల్చాడట! శివుడు గొప్పా విష్ణువు గొప్పా అని మగవాళ్లు కొట్టుకుంటుంటే ఇంట్లో ఆడమనిషి ముఖం చూసి సర్దుకున్నట్టుగా ఉంటుంది నాకు ఆ మాట. ఆయన శ్లోకం ఇంకోటి ఉంది. స్వామీ, నీకు ఎముకల దండ ఇష్టమా, కౌస్తుభమా? కాలకూటం రుచా, యశోద చనుబాలు రుచా? నువ్వే చెప్పు ప్రభూ అని అడుగుతాడు. వాదాన్ని తీసుకెళ్లి దేవుడి ఒళ్లోనే పడేశాడు.

ఇక తిక్కన ఇంటిని తాకిన యుద్ధం సంగతి. తిక్కన పెదతండ్రి కొడుకు ఖడ్గతిక్కన, మనుమసిద్ధి సేనాని. కరువొచ్చి గొల్లల దొర కాటమరాజు తన ఆవులమందల్ని మనుమసిద్ధి బీళ్లలోకి తోలుకొచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరి కట్టాలని ఒప్పందం. తర్వాత మాటా మాటా పెరిగింది, పుల్లరి కట్టనన్నారు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర కత్తులు దూసుకున్నారు. ఖడ్గతిక్కన ఒకసారి వెనక్కి తిరిగి ఇంటికొస్తే, భార్య స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచింది, ఆడవాళ్లకు పెట్టినట్టు. తల్లి విరిగిన పాలు పోసి, నువ్వు విరిగొచ్చావు, పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఆ చాటుపద్యాలు మా చిన్నప్పుడు బళ్లో చదివి రొమ్ము విరుచుకునేవాళ్లం. ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆయన తిరిగి పోయి చచ్చిపోయాడు.

ఈ కథలో దేవుడెక్కడున్నాడు? గడ్డి ఉంది, పుల్లరి ఉంది, పరువు ఉంది. యుద్ధం జరిగిన ఊరి పేరులో మాత్రం అయిదు లింగాలున్నాయి, అంతే. చిత్రమేమంటే తిక్కన ఎత్తుకున్న విరాటపర్వం కూడా గోగ్రహణంతోనే ముగింపుకొస్తుంది. అక్కడా పసుల కోసమే పోరు. ఆ తర్వాత ఉద్యోగపర్వంలో అయిదూళ్లిస్తే చాలంటారు, సూదిమొన మోపినంత కూడా ఇవ్వనంటాడు దుర్యోధనుడు.

ఇక్కడితో ఆపేసి, చూశావా అబ్బయ్యా, మతానిదేం తప్పు లేదు అని వాడికి చెప్పేసి ఉండొచ్చు. నాకు ఒప్పలేదు, సౌప్తికపర్వం అడ్డం వచ్చింది.

తండ్రి చావుకు రగిలిపోతున్న అశ్వత్థామ రాత్రిపూట మర్రిచెట్టు కింద కూర్చుని ఉంటాడు. నిద్రపోయే కాకుల్ని గుడ్లగూబ ఒక్కొక్కదాన్నే చంపడం చూస్తాడు. నిద్రలో ఉన్నవాళ్లనే చంపాలని అక్కడే తీర్మానించుకుంటాడు. కృపాచార్యుడు వద్దంటాడు, వినడు. పాండవుల శిబిరం వాకిట్లో ఒక భయంకరమైన భూతం అడ్డు నిలిస్తే, ఆయుధాలన్నీ అయిపోయాక శివుణ్ని తలచుకుని తన్ను తానే అగ్నికి అర్పించుకుంటాడు. శివుడు ప్రత్యక్షమై కత్తి ఇస్తాడు! ఇచ్చేటప్పుడు ఏమంటాడనుకున్నారు? కృష్ణుడికన్నా నాకు ఇష్టుడు లేడు, ఆయన కోసమే ఇన్నాళ్లూ పాంచాలుర్ని కాపాడాను, వాళ్లకు కాలం తీరింది అంటాడు. హరిహరుల ప్రేమ అంతా ఆ మాటలో ఉంది. ఆ వెంటనే పసిబిడ్డల్లాంటి ఉపపాండవుల మెడలు తెగుతాయి.

నేను శివభక్తుణ్ని. మూలాపేట మూలస్థానేశ్వరుడి గుళ్లో సోమవారం తప్పను. ఈ ఘట్టం దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ పుస్తకం మూసేస్తాను. తిక్కన మూయలేదు, దాన్నీ తెలుగు చేశాడు.

ఎన్నోసార్లు చదివిన మీదట నాకు తట్టిందేమంటే, వరసను గమనించాలి. పగ ముందు పుట్టింది, గుడ్లగూబ దారి చూపింది, పెద్దాయన మాట తోసేశాడు, దేవుడు గుర్తొచ్చింది అన్నిటికన్నా ఆఖర్న. లోకం కథలూ చాలామటుకు ఇదే వరసలో నడిచాయి. జెరూసలేం కోసమని బయల్దేరిన క్రైస్తవ సైన్యం ఓడల అప్పు తీర్చలేక వెనిస్ మాట విని, చివరికి 1204లో కాన్‌స్టాంటినోపుల్ మీద పడి దోచుకుంది. అదీ క్రైస్తవుల నగరమే. 1618 నుంచి 1648 దాకా ఐరోపాను తగలబెట్టిన ముప్పై ఏళ్ల యుద్ధంలో కేథలిక్ కార్డినల్ రిషెల్యూ నడిపిన ఫ్రాన్సు, కేథలిక్ రాజుల మీద ప్రొటెస్టంట్ స్వీడన్‌కు డబ్బు పోసింది.

కానీ వెతుక్కుంటూ వచ్చిన పగకు దేవుడి పేరు దొరుకుతూనే ఉందే! 1947లో పంజాబు రైళ్లలో మతం చూసి చంపారు. ఓరుగల్లు సభలో తిక్కన జైనుల్నీ బౌద్ధుల్నీ వాదంలో ఓడించాడనీ, ఆపైన వాళ్ల మీద దౌర్జన్యం జరిగిందనీ తర్వాతి కాలపు కథలు గొప్పగా చెప్పుకున్నాయి. హరిహరనాథుడి కవి పేరుమీద కూడా అట్టాంటి కథ అల్లుకోవడానికి మనవాళ్లకు చెయ్యాడింది. అందుకే ఆ పిల్లవాడి ప్రశ్నను నేను కొట్టిపారెయ్యలేను. పూజగదిలో కూర్చుని వాడిమీద కోపం తెచ్చుకోనూ లేను.

తెల్లారి కాఫీ తాగుతూ ఇదంతా వాడికి చెప్పాను. వాడు ఫోను చూసుకుంటూ విన్నాడు. అశ్వత్థామ దగ్గర మాత్రం తలెత్తి, "కత్తి ఇవ్వకుండా ఉండొచ్చు గదా శివుడు?" అన్నాడు.

"ఉండొచ్చు" అన్నాను. నా దగ్గర అంతకన్నా మాట లేదు.

కాసేపాగి వాడే అడిగాడు. ముందురోజు చెరువులో వాడికి రొట్టె ఇచ్చినావిడ ఎవరో మాకు తెలియదు, పేరూ అడగలేదు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చెప్పి, సగం తుంచి వాడి నోట్లో పెట్టి, మిగతాది చేతిలో పెట్టి పోయింది. "నాకు గూడా ఉద్యోగం వస్తే రొట్టె పట్టుకుని రావాల గదా తాతా? వచ్చే ఏడు ఎప్పుడు పడుతుంది?"

మొహర్రం ఏటికేడు పది పదకొండు రోజులు ముందే వస్తుందని చెప్పాను. వేళ్లమీద లెక్కేసుకుని ఫోనులో రాసిపెట్టుకున్నాడు.