చేతులు యాడ పెట్టుకోవల్ల మేడం?

సెమినార్ల సీజన్ వచ్చిందంటే పిల్లలు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి నన్నడిగే మొదటి ప్రశ్న ఇదే. స్లైడ్లు ఎన్ని పెట్టాలి, ఇంగ్లీషులో చెప్పాలా తెలుగులో చెప్పినా ఫరవాలేదా అన్నవన్నీ దాని తర్వాతే. "ఆడ నిలబడితే చేతులు బరువెక్కిపోతాయి మేడం" అంది పీలేరు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె. ఉన్నమాటే చెప్పింది. నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జియాలజీ చెబుతాను. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పి పంపించే విషయం కాదిది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఆ బరువు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ఒకటో తరగతి నుంచి మన బడుల్లో "లేచి నిలబడు, చేతులు కట్టుకో, చెప్పు" అంటారు. పద్యం అప్పజెప్పాలన్నా అంతే, ఎక్కాలు చెప్పాలన్నా అంతే. ఇంట్లో పెద్దవాళ్ల ముందు కాస్త చేతులాడించి మాట్లాడితే "ఏందా చేతులు తిప్పడం" అని గదమాయిస్తారు. అందులో ఒక మర్యాద ఉంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అన్నేళ్లు చేతులు కట్టించి నిలబెట్టిన పిల్లను ఒకనాడు ప్రొజెక్టర్ ముందుకు పంపి "భయపడకుండా మాట్లాడమ్మా" అంటే ఎక్కడి నుంచి వస్తుంది? అదే పిల్ల క్యాంటీన్‌లో బస్సులో జరిగిన గొడవ గురించి చెప్పేటప్పుడు చూడాలి. కండక్టర్ ఎక్కడ నిలబడ్డాడు, ముసలామె మూట ఎంత ఉంది, డ్రైవర్ ఎట్లా బ్రేకు కొట్టాడు, అన్నీ చేతుల్లోనే కనిపిస్తాయి. ఎవరూ నేర్పలేదు. కాబట్టి నేను కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ. కట్టిన చేతుల్ని విప్పించడమే అసలు పని.

మాటతో పాటు చెయ్యి కదలడం చూసేవాళ్ల కోసమేనని చాలామంది అనుకుంటారు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లో మాట్లాడే మనిషిని గమనించండి. అవతలివాళ్లకు కనబడదని తెలిసినా ఖాళీగా ఉన్న చెయ్యి ఆడుతూనే ఉంటుంది. 1998లో జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక చిన్న పరిశోధన అచ్చువేశారు. పుట్టుకతోనే చూపు లేని పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని, వినే మనిషికి కూడా చూపు లేదని తెలిసినా కదుపుతారని అందులో తేలింది. జన్మలో ఇంకొకరి చెయ్యి కదలడం చూసి ఎరగని పిల్లలు వాళ్లు. 2001లో గోల్డిన్-మెడో బృందమే ఇంకో ప్రయోగం చేసింది. కొన్ని మాటలో అక్షరాలో ముందుగా ఇచ్చి గుర్తుపెట్టుకోమన్నారు, ఆ మధ్యలో ఒక లెక్క ఎలా చేశారో వివరించమన్నారు. చేతులు కదుపుతూ వివరించినప్పుడు ఆ జాబితా ఎక్కువ గుర్తుంది, కదపకుండా వివరించినప్పుడు తక్కువ గుర్తుంది. అంటే చెయ్యి కదిలితే బుర్ర మీద భారం కొంత తగ్గుతుంది. చేతులు కట్టుకున్న పిల్లలు మధ్యలో ఆగిపోయి సీలింగు వైపు చూడటం ఎన్నోసార్లు చూశాను. వాళ్లు సరిగ్గా చదవలేదని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అనుకుంటారు. నేను మాత్రం ముందు వాళ్ల చేతులు ఎక్కడున్నాయో చూస్తాను.

మా సబ్జెక్టుకు చేతులు మరీ ముఖ్యం. ఫీల్డులో రాతిపొర ఎటు వాలిందో చెప్పాలంటే జియాలజిస్టు ఎవరైనా అరచెయ్యి చాపి, అదే కోణంలో వంచి చూపిస్తారు. స్ట్రైక్ (పొర సాగే దిక్కు), డిప్ (పొర వాలే కోణం) అనే మాటలు పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కవు. అరచెయ్యి వంచి చూపించిన నాడు ఎక్కుతాయి.

ఒక సెమినార్ గురించి వివరంగా చెబుతాను. టాపిక్ తిరుమల ఘాట్ రోడ్డు మీద కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ, అంటే పాత రాయికీ దాని మీది కొత్త రాయికీ మధ్య కాలం తప్పిపోయిన చోటు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది, కొండ మీది శిలాతోరణానికి కూడా ఆ గుర్తింపు ఉంది. కపిలతీర్థం దగ్గర నిలబడి తలెత్తితే నిట్టనిలువు గోడలా కనిపించే రాయి ఉంది చూశారూ, అది క్వార్ట్‌జైటు, ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి. దాని అడుగున ఉన్నది అంతకంటే చాలా పాతదైన గ్రానైటు, వయసు 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. ఈ రెంటికీ మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ల కాలం ఉంది, కానీ దానికి రాయి సాక్ష్యం లేదు. ఆ లేనిదాన్ని చూపించడమే కష్టం. స్లైడు మీద అది ఒక్క గీత.

ఆ అమ్మాయిది నగరి వైపు. రిహార్సల్‌లో చేతులు కట్టుకుని "హియర్ దేర్ ఈజ్ ఎ గ్యాప్" అని చెప్పి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయింది. "ఆ గ్యాప్ ఏందో మీ అమ్మకు చెప్తున్నట్టు చెప్పు మా" అన్నాను. కాసేపు ఆలోచించింది. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఛాతీకి ఎదురుగా పెట్టింది. "ఇది గ్రానైటు." కుడి అరచేతిని ఆ పిడికిలి మీద, ఎగుడుదిగుడుగా ఉన్న కణుపుల మీద నిదానంగా రుద్దింది. "వానలు, గాలి, ఏర్లు. అరిగిపోతా వచ్చింది." తర్వాత రెండు చేతులూ ఆపేసింది. పిడికిలి కదల్లేదు, అరచెయ్యి దానికి జానెడు పైన గాల్లో నిలబడింది, నోట మాట లేదు. అంతసేపూ పిడికిలి మీదున్న చూపు ఎత్తి మా వైపు చూసింది. అప్పుడు అరచేతిని బల్లపరుపుగా దించి పిడికిలి మీద పరిచింది. "ఇది మా ఊరి పేరు పెట్టిన నగరి క్వార్ట్‌జైటు."

వెనక బెంచీలో ఉన్న కామర్స్ పిల్లలకు కూడా అర్థమైంది. ఆ చేతులు ఆగిపోయిన క్షణమే కోట్ల ఏళ్ల ఖాళీ.

అందులో ఏం బాగుందో విడదీసి చెప్పాలి, ఎందుకంటే పని ఎక్కడైనా ఇంతే. చెయ్యి మాటకంటే రవ్వంత ముందు కదిలింది. మామూలు మాటల్లో కూడా మన చెయ్యి అలాగే ముందు లేస్తుంది. మాట అనేసి తర్వాత గుర్తొచ్చి చెయ్యి ఎత్తితే అది బట్టీపట్టినట్టు ఇట్టే తెలిసిపోతుంది. రెండోది, వాక్యం పూర్తయ్యేదాకా చెయ్యి కిందికి జారలేదు. మూడోది చూపు. చేతిని చూడమని చెప్పాల్సిన చోట తనూ చేతినే చూసింది, మమ్మల్ని ఆలోచించమన్న చోట మా కళ్లలోకి చూసింది.

ఇక దాదాపు అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. మనం ఎడమ నుంచి కుడికి రాస్తాం, చదువుతాం, గ్రాఫు గీస్తాం. ఎదురుగా కూర్చున్నవాళ్లకు మన కుడి పక్క ఎడమ అవుతుంది. కాబట్టి "1995లో ఇంత, ఇప్పుడు ఇంత" అని కాలాన్ని చేత్తో చూపించాలంటే మన కుడి పక్క మొదలుపెట్టి ఎడమకు తీసుకెళ్లాలి. భూగర్భజలాలు తగ్గిపోయాయని చెప్పే పిల్లాడు తన ఎడమ పక్క పైన మొదలుపెట్టి కుడి పక్క కిందికి చెయ్యి దించితే, చూసేవాళ్లకు గీత వెనక్కి నడిచినట్టుంటుంది, పైగా స్లైడు మీది గ్రాఫుతో పొసగదు. మొదట్లో చేతికి ఎదురుతిరిగినట్టే ఉంటుంది, అద్దం ముందు సాధన చేస్తే మాత్రం రాదు. ఎదురుగా స్నేహితురాలిని కూర్చోబెట్టుకోవాలి.

లెక్కపెట్టడం సంగతీ అంతే. మనం బొటనవేలితో కణుపులు తాకుతూ లెక్కపెడతాం. లెక్కపెట్టేవాళ్లకు అది చక్కని పద్ధతి, ఒక్క చేత్తో పన్నెండు దాకా పోవచ్చు. కానీ మూడో వరుస నుంచి చూస్తే ముడుచుకున్న చెయ్యి తప్ప ఏమీ కనబడదు. "మూడు కారణాలు" అన్నప్పుడు భుజం ఎత్తులో మూడు వేళ్లు విడిగా లేపి చూపించండి. ఒక్కో కారణం దగ్గర మళ్లీ ఒక్కో వేలు.

చేతిలో మైకు ఉంటే ఎలా అంటారు పిల్లలు. మా చిత్తూరు వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. హరికథ చెప్పే ఆయన ఒక చేతిలో చిడతలుంటాయి. మిగిలిన ఆ ఒక్క చెయ్యే గద, విల్లు, ద్రౌపది కొంగు, దుర్యోధనుడి తొడ అన్నీ అవుతుంది. పందిట్లో చివర కూర్చున్న అవ్వకు కూడా కనబడేలా చెయ్యి భుజం నుంచి లేస్తుంది, మణికట్టు దగ్గర నుంచి కాదు. మన సెమినార్ హాలుకు అంత పెద్ద కదలిక అక్కర్లేదు, నడుముకు పైన, భుజాలకు లోపల ఉంటే చాలు. మోచేతులు మాత్రం పక్కటెముకలకు అతుక్కుపోకూడదు. మైకు ఒక చేత్తోనే పట్టుకోండి, మాటిమాటికీ చెయ్యి మార్చకండి. లేజర్ పాయింటర్ నాకిష్టం ఉండదు, చెయ్యి కాస్త వణికినా ఆ ఎర్ర చుక్క పది రెట్లు వణికి చూపిస్తుంది. తెర పక్కకు నడిచి వెళ్లి అరచేత్తో చూపించడం మేలు. పోడియం వెనక నిలబడే పద్ధతీ వద్దు, పొట్టి పిల్లలకు తల తప్ప ఏమీ కనబడదు.

ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో వచ్చేవాళ్లు మన భావవ్యక్తీకరణలో మాటలు ఏడు శాతమే, మిగిలిన 93 శాతం గొంతు, శరీరం అని స్లైడు వేస్తారు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. అవి విడి మాటలు పలికినప్పుడు ఇష్టమో అయిష్టమో వినేవాళ్లు దేన్నిబట్టి పోల్చుకుంటారు అన్నదాని గురించి. గ్రానైటు వయసు చెప్పే సెమినార్‌కు వాటితో సంబంధం లేదు. ఆ స్లైడు నమ్మి చదవడం మానేసి రెండు చేతుల వేళ్ల కొనలూ గోపురంలా ఆనించి నిలబడటం నేర్చుకున్న పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. క్లాసంతా అదే భంగిమ. విషయం తెలిసిన పిల్లకే చెయ్యి సరైన చోటికి పోతుంది. నగరి అమ్మాయికి ఆ రాయి తెలుసు కాబట్టే పిడికిలి తట్టింది.

మన మర్యాదలు రెండు పాటించాల్సిందే. మనుషుల వైపు చూపుడువేలు పెట్టకూడదు, ప్రశ్న అడిగినవాళ్ల వైపు అరచెయ్యి తెరిచి చూపాలి. అది కుడి చెయ్యి అయితే మంచిది. ఎడమ చేత్తో చూపిస్తే నొచ్చుకునే పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్లను నొప్పించి మనకు ఒరిగేదేమీ లేదు.

సాధన ఎలాగంటే, ఫోన్ కిటికీలో నిలబెట్టి వీడియో తీసుకోండి, తర్వాత శబ్దం తీసేసి చూడండి. జేబులోకి పోయే చెయ్యి, చున్నీ కొస మెలిపెట్టే వేళ్లు, పెన్ను మూత తీసి పెట్టడం, అన్నీ మీకే కనబడతాయి. నేను చెప్పాల్సిన పని ఉండదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్‌ను ఇంకో మూరెడు వెనక్కి జరిపి, కింద రెండు లావు పుస్తకాలు పెట్టుకోండి. ముఖం ఒక్కటే తెర నిండా ఉంటే చేతులు కదిలినా అవతల కనిపించేది భుజాల కుదుపే. ఇంకో మాట, అక్కడ మీ బొమ్మ మీకు అద్దంలో లాగా కనిపిస్తుంది, అవతలివాళ్లకు మాత్రం ఎదురుగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. అందుకని కుడి నుంచి ఎడమకు అన్న సూత్రం అక్కడ కూడా మార్చకండి.