కేరాఫ్ 56 ఏపీఓ

శ్రీనగర్‌లో షేర్ సుమో వాడు కార్గిల్‌కి సీటు పదిహేను వందలన్నాడు. దారిలో ఉన్న ద్రాస్‌లోనే దిగిపోతానన్నా అదే రేటు. వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోడానికి ఇంత డబ్బా అని బేరమాడితే వంద తగ్గించాడు. సోనామార్గ్ దాటాక లారీల వెనక రెండు గంటలు ఆగిపోయాం. జోజిలా కనుమ దగ్గర వంద రూపాయలు పోసి సగం ఉడికిన మ్యాగీ తిన్నాను. దాల్ సరస్సు, పడవలు, తోటలు అన్నీ చూశాను గానీ వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు. ఇంత దూరం వచ్చింది ద్రాస్ కోసం.

1999లో నేను ఆరో తరగతి. అమ్మమ్మ వాళ్ళది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా వైపు కుర్రాళ్ళు ఇంటర్ పాసైనా తప్పినా తెల్లారకముందే తారురోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేస్తారు, ఆర్మీ సెలక్షన్ల కోసం. మా మావయ్య అలాగే చేరాడు. కార్గిల్ యుద్ధం వచ్చేసరికి అతనికి ఇరవై ఏళ్ళు. అమ్మమ్మకి చదువు రాదు కాబట్టి ఇన్లాండ్ కవరు మీద అడ్రస్ నేనే రాసేవాణ్ణి. ముందు ఆర్మీ నంబరు, తర్వాత ర్యాంకు, పేరు, యూనిట్, ఆఖర్న కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. అంతే, ఊరి పేరు ఉండదు.

"ఊరు లేకుండా ఉత్తరం ఎలా ఎల్తాది బాబూ?" అని అమ్మమ్మ ప్రతిసారీ అడిగేది. ఫీల్డ్‌లో ఉన్న జవాన్లు ఎక్కడున్నదీ బయటికి తెలియకూడదని అలా రాస్తారని నాకూ తెలీదు. పోస్టుమాస్టారు చూసుకుంటారులే అనేవాణ్ణి. మావయ్య నుంచి వచ్చేవి నాలుగే ముక్కలు. నేను క్షేమం, ఇక్కడ చలి, జీడిపిక్కల డబ్బు వచ్చిందా, మేనల్లుడికి చెప్పు నంబరు తప్పు రాయొద్దని. అతనున్న ఊరు ద్రాస్ అని సెలవుకి వచ్చాకే తెలిసింది.

సుమో డ్రైవరు యాభై దాటిన మనిషి, ద్రాస్ వాడే. ఆ ఏడాది లారీ మీద క్లీనరుగా ఉన్నాడట. రాత్రిళ్ళు హెడ్‌లైట్లు వెయ్యకుండా నడిపేవారని, తాను తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని లారీ ముందు నడిస్తే డ్రైవరు దాన్ని చూసుకుంటూ వచ్చేవాడని చెప్పాడు. ఎందుకో నాకు టోలోలింగ్ కొండ చూశాకే అర్థమైంది. ఫోటోల్లో చూసి ఎక్కడో దూరాన ఉంటుందనుకున్నాను. రోడ్డు మీద నిలబడి మెడ ఎత్తితే అదే. చెట్టూ లేదు, పొదా లేదు, ఒట్టి రాయి. పైన కూర్చున్న శత్రువుకి రోడ్డు మీద పోయే ప్రతి బండీ కనిపిస్తుంది.

కార్గిల్ వార్ మెమోరియల్ గేటు దగ్గర దిగిపోయాను. లోపల గోడ మీద పేర్లు. ఆ యుద్ధంలో మనం పోగొట్టుకున్నది 527 మందిని. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ప్రాణం పోయింది ఈ కొండల్లోనే, జూన్ 28న. ఆయన పేరు దగ్గర నిలబడ్డాను. కానీ నా మనసంతా ఇంకా చిన్నవాళ్ళ మీదే ఉంది.

యోగేంద్ర సింగ్ యాదవ్‌ది బులంద్‌షహర్ జిల్లాలో ఒక పల్లె. ఆర్మీలో చేరేటప్పటికి పదహారేళ్ళ ఐదు నెలలు. టైగర్ హిల్ ఎక్కి ఒళ్ళంతా బుల్లెట్లు తిన్నప్పుడు పందొమ్మిది. అంతకుముందు టోలోలింగ్ మీద పోరాడుతున్నవాళ్ళకి సామాన్లు మోసుకెళ్ళడమే తన పని అని ఆయనే చెప్పారు. మా మావయ్యదీ మోత పనే. బోఫోర్స్ గన్‌కి షెల్స్ అందించేవాడు. ఒక్కొక్కటి నలభై కిలోల పైమాట. ఊళ్ళో వడ్ల బస్తాలు మోసినవాడికి అదేం లెక్క అనుకునేవాణ్ణి. వీపున ఎనిమిది కిలోల బ్యాగుతో గేటు నుంచి గోడ దాకా నడిచేసరికి నాకు ఊపిరి అందలేదు. ఇది పదివేల అడుగుల పైన ఉన్న ఊరు.

యాదవ్ గారికి పరమవీర చక్ర ముందు మరణానంతరం అనే ప్రకటించారు. ఆయన ఆసుపత్రిలో బతికే ఉన్నారని, చనిపోయింది అదే పేరున్న ఇంకో జవాను అని తర్వాత తేలింది. ఒక ఇంటికి కొడుకు తిరిగొచ్చాడు. ఆ రెండో ఇంట్లో ఏం జరిగి ఉంటుందో అని అక్కడే చాలాసేపు కూర్చున్నాను. నంబరు తప్పు రాయొద్దని మావయ్య ఎందుకంత పట్టుబట్టాడో కూడా అప్పుడే తట్టింది.

ఫోన్ చేద్దామంటే నాది ప్రీపెయిడ్ సిమ్, లడఖ్‌లో పని చెయ్యలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టతను తన ఫోన్ ఇచ్చాడు, డబ్బులు వద్దన్నాడు. మావయ్య ఇప్పుడు పలాసలో ఒక బ్యాంకు దగ్గర గార్డు. గన్ పక్కన నిలబడిన రోజుల నుంచి ఎడమ చెవి సరిగా వినపడదు.

"ద్రాస్ వచ్చాను మావయ్యా."

"ఆఁ?"

"ద్రాస్! ద్రాస్!"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాగులో నీళ్ళున్నాయేట్రా?" అన్నాడు.

"బాగా పారుతోంది."

"పగలు దాని దగ్గరికి ఎల్లనిచ్చీవోరు కాదు. పైనుంచి కనబడిపోతామని. రాత్రి పూట డబ్బాలతో తెచ్చుకునీవోళ్ళం. చీకట్లో సప్పుడు ఇనడమే." మళ్ళీ ఆగాడు. "ఎండుంటే ఓ ఫోటో తియ్యి."

కొండల వెనక్కి ఎండ దిగిపోతోంది. బ్యాగు టీ కొట్లో వదిలేసి వాగు వైపు గబగబా నడిచాను.