డీఎంఎక్స్ వైరు గుచ్చితే ఈల: కరోకే కిట్ తాజా పరిస్థితి

మా క్లబ్‌హౌస్ కరోకే కిట్‌లో లైట్ల రంగులు ల్యాప్‌టాప్ నుంచి మార్చడానికి డీఎంఎక్స్ (లైట్లకు ఆదేశాలు పంపే సిగ్నల్) వైరు వాడతాను, అది గుచ్చితే స్పీకర్లలో మోత వచ్చేది. ఆ గుయ్‌మనే మోత పోయింది. ఈల మాత్రం పోవట్లేదు! శనివారం క్లబ్‌హౌస్‌లో ఇంకా ఎవరూ పాట ఎత్తుకోకముందే రెండు టాప్ స్పీకర్లలోంచీ సన్నగా ‘కీ...’ అని మొదలైంది. లైట్లు నీలం నుంచి ఎరుపుకు మెల్లగా మారుతుంటే దాంతోపాటే పెరుగుతోంది, తగ్గుతోంది. పాట మొదలయ్యాక జనానికి వినపడదు, నిజమే. కానీ పాత పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వేణువు ఒక్కటే వినిపించే చోట్లుంటాయి కదా, అక్కడ నాకు ఒళ్లు మండిపోతోంది.

బాగుపడినవి ముందు చెప్పేస్తా. మానిటర్ స్పీకర్‌ని ఎస్ఎం58 మైక్‌కి సరిగ్గా వెనక్కి జరిపి, 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డీబీ కోసేసరికి మైక్ ఫీడ్‌బ్యాక్ కూత ఆగింది. శ్రుతి మార్చడానికి షార్ట్‌కట్ పెట్టాను. “బాబూ, అర కట్ట దించు” అని అంకుల్ అనేలోపే దిగిపోతోంది. యమహా ఎంజీ10ఎక్స్‌యూ మిక్సర్‌లో ఉన్న ఎకో చాలు, విడిగా ఎఫెక్ట్స్ బాక్స్ కొనడం దండగ.

ఇక అసలు గొడవ. ల్యాప్‌టాప్ నుంచి మూడు వైర్లు బయటికొస్తాయి: మిక్సర్‌కి ఈపీ పిన్ (ఇయర్‌ఫోన్ జాక్) టు పీ38 (పెద్ద జాక్), టీవీకి హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీలో డీఎంఎక్స్ డాంగిల్. డాంగిల్ చవకది. లోపల యూఎస్‌బీ వైపు ఒక ఎఫ్‌టీ232 చిప్, డీఎంఎక్స్ వైపు ఒక ఆర్ఎస్485 చిప్, అంతే. ఐసొలేషన్, అంటే రెండు వైపుల కరెంటు దారినీ విడదీయడం, అనేదే లేదు. అంటే లైట్ల ఎర్త్, డీఎంఎక్స్ వైరు ఒకటో పిన్ మీదుగా ల్యాప్‌టాప్ బాడీకి, అక్కడి నుంచి ఈపీ పిన్ షీల్డ్ పట్టుకుని మిక్సర్‌కి నేరుగా దారి. లైట్లు వెలుగుతున్నా డీఎంఎక్స్ వైరు పీకితే మోత ఉండదు. గుచ్చగానే మొదలు.

మొదట మైక్ పట్టుకుంటే పెదవికి జివ్వుమనేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే లైటు బాడీకీ మిక్సర్ బాడీకీ మధ్య 108 వోల్టులు! మీటర్ ఇన్‌పుట్ 10 మెగా ఓమ్‌లు కాబట్టి ఆ అంకె చూసి భయపడిపోనక్కర్లేదు. మధ్యలో 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టేసరికి 7 వోల్టులకు పడిపోయింది, అంటే 0.7 మిల్లీయాంపు. నాలుగు ఎల్ఈడీ పార్ లైట్ల పవర్ సప్లైల్లోని ఫిల్టర్ కెపాసిటర్ల లీకేజీ అంతా కలిసి అంత వస్తుంది. టెంట్ హౌస్ వాళ్లిచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పితే ఎర్త్ వైరు అసలు బిగించనే లేదు, తెగ్గొట్టి లోపలికి మడిచేశారు. పచ్చ వైరు బిగించాక మీటర్ దాదాపు సున్నా, జివ్వుమనడమూ లేదు.

మోత మాత్రం పోలేదు, తీరు మారిందంతే. బ్యాటరీతో నడిచే జూమ్ హెచ్1ఎన్ రికార్డర్‌ని మిక్సర్ అవుట్‌పుట్‌కి పెట్టి, గెయిన్ కదపకుండా అన్ని కొలతలూ తీశాను. ల్యాప్‌టాప్‌లోనే రికార్డ్ చేస్తే ఇంకో ఎర్త్ దారి కలుస్తుంది, అప్పుడు ఆ కొలతలు దేనికీ పనికిరావు. డీఎంఎక్స్ లేకుండా నాయిస్ −79 డీబీ, గుచ్చితే −47. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ చూస్తే 50, 100, 200, 300 హెర్ట్జ్ దగ్గర వరసగా ముళ్లు, వాటికి విడిగా 1,220 హెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి సూది. 

మిక్సర్ ఒక గోడ సాకెట్‌లో, లైట్లు ఎదుటి గోడ సాకెట్‌లో ఉన్నాయి. రెండు ఎర్త్‌ల మధ్య ఎయిర్ కండిషనర్ ఆన్‌లో ఉన్నప్పుడు 1.4 వోల్టులు. లైట్లనీ మిక్సర్ ఉన్న సాకెట్‌కే తెచ్చాను. నాలుగూ కలిపి 350 వాట్లు కూడా లాగవు, 6 యాంపుల సాకెట్ 1,380 వాట్ల దాకా మోస్తుంది. దాంతో −58కి దిగింది. తర్వాత ల్యాప్‌టాప్ అవుట్‌కి మోత ఆపే బెరింగర్ హెచ్‌డీ400 బాక్స్ పెట్టాను. లోపల రెండు ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు, ఆ ధరకు వంక పెట్టడానికి లేదు. లెవెల్ మరీ పెంచితే కింది బేస్ మెత్తబడుతుంది, అది ఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కైనా తప్పదు. −69. 50, 100 ముళ్లు కనపడకుండా పోయాయి. మిగిలింది ఆ 1,220 సూది, దాని పక్కన 2,440, 3,660 దగ్గర పిల్ల సూదులు.

ఇది లైట్ల డిమ్మింగ్ పీడబ్ల్యూఎం (ఎల్ఈడీని చకచకా వెలిగించి ఆర్పుతూ వెలుగు తగ్గించే పద్ధతి) అని నూటికి నూరుపాళ్లు చెప్పగలను. ఏ రంగైనా 255లో, అంటే ఫుల్‌లో పెడితే ఎల్ఈడీ ఆగకుండా వెలుగుతుంది, స్విచింగ్ ఉండదు, ఈల మాయం. సున్నాలోనూ మాయమే. 128 దగ్గర, అంటే సగంలో, అన్నిటికంటే ఎక్కువ. ఫేడర్ కదిపితే గట్టితనం మారుతుంది కానీ ఫ్రీక్వెన్సీ కదలదు. సరే, ఎక్కడ పుడుతుందో తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఎలా వస్తోంది?

మైక్ కేబుల్ లైట్ల వైర్ల పక్కనే పరిచి ఉంది, అదే పట్టుకుంటోందేమో అని మైక్ ఛానెళ్లన్నీ మ్యూట్ చేశా. 1 డీబీ తగ్గిందంతే. హెచ్‌డీఎంఐ పీకాను, ఏమీ లేదు. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే 4 డీబీ తగ్గింది, ఇది మాత్రం ఆలోచించాల్సిన సంగతి. నా లైట్లు సిగ్నల్ పోయినా ఆఖరి రంగులోనే ఉండిపోతాయి కాబట్టి 128లో పెట్టి డాంగిల్ దగ్గర డీఎంఎక్స్ వైరు కేనన్ పిన్ (ఎక్స్ఎల్ఆర్) పీకి చూశాను. పూర్తిగా నిశ్శబ్దం. కాబట్టి గాల్లోంచి కాదు, డీఎంఎక్స్ వైరులోంచే ల్యాప్‌టాప్ బాడీకి ఎక్కుతోంది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ రెండు చుట్ల మధ్య ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్ గుండా మిక్సర్‌లోకి జారుతోందని నా అనుమానం. 50 హెర్ట్జ్‌ని ఆ చిన్న కెపాసిటెన్స్ ఆపేస్తుంది, 1,220కి అదే 24 రెట్లు సులువైన దారి. అందుకే మోత ఆగి ఈల ఒక్కటే మిగిలిందనుకుంటున్నా.

ఫెరైట్ క్లిప్ వేయమని ఒకరన్నారు. అది మెగాహెర్ట్జ్‌లలో పని చేసే వస్తువు, ఈ ఈలను పట్టించుకోదు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక సౌండ్ అన్న, “తమ్మీ, లైట్ల ఎర్త్ పిన్ తీసెయ్, పోతది” అన్నాడు. పోతుంది, ఆ 108 వోల్టులు మళ్లీ మైక్ మీదికొస్తాయి. మన దగ్గర టెర్రస్ మీద చెప్పుల్లేకుండా, నీళ్లు చల్లిన నేల మీద నిలబడి పాడే వాళ్లున్నారు. ఆ సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు. డీఎంఎక్స్ కేబుల్‌లో ఒకటో పిన్ కోసేయడం కూడా చాలామంది చెప్పే చిట్కానే. ఆడియోకి సరిపోవచ్చు కానీ, ఆర్ఎస్485 చిప్ తన రెండు డేటా వైర్ల మీదా కలిపి వచ్చే వోల్టేజీని −7 నుంచి +12 వోల్టుల దాకానే తట్టుకుంటుంది. ఎర్త్ సరిగా లేని హాల్లో ఒకటో పిన్ లేకుండా గుచ్చితే డాంగిలో, మొదటి లైటో పోవచ్చు.

ప్రస్తుతానికి పాట నడుస్తున్నంతసేపూ అన్ని రంగులూ 255 లేదా సున్నా, మధ్యలో ఏదీ లేదు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ 255 అంటే నిమ్మపండు పసుపు, అందులో ఎవరి ముఖమూ బాగుండదు. ఫుల్ వైట్ వేస్తే ఆపరేషన్ థియేటరే.

ఏడీయూఎం4160 చిప్ ఉన్న యూఎస్‌బీ ఐసొలేటర్ మాడ్యూల్ ఆర్డర్ చేశా. అది 12 ఎంబీపీఎస్ దాటి పోదు, అందుకని హార్డ్‌డిస్కులకు పనికిరాదు. ఎఫ్‌టీ232 కూడా ఆ వేగం చిప్పే, కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. మాడ్యూల్‌లోని 1 వాట్ కన్వర్టర్ 200 మిల్లీయాంపులిస్తుంది, డాంగిల్‌కి ఎక్కువే. దాంతోనూ పోకపోతే ఆప్టో ఐసొలేషన్ (సిగ్నల్‌ని వెలుతురు ద్వారా దాటించి కరెంటు దారిని తెంపేది) ఉన్న డీఎంఎక్స్ స్ప్లిటర్. వైర్‌లెస్ డీఎంఎక్స్ అంటే వైరే ఉండదు, ఈ బాధా ఉండదు, మా కార్డ్‌లెస్ మైకులు యూహెచ్‌ఎఫ్ కాబట్టి వాటితోనూ పేచీ లేదు. కానీ 2.4 గిగాహెర్ట్జ్‌లో క్లబ్‌హౌస్ వైఫై, వచ్చినవాళ్ల ఫోన్ల బ్లూటూత్ అన్నీ ఉంటాయి. కుర్రాళ్లు మూవింగ్ హెడ్స్ (అటూ ఇటూ తిరిగే లైట్లు) కొనమంటున్నారు. టీవీలో లిరిక్స్ చదువుకుంటూ పాడేవాళ్ల కళ్లలోకి బీమ్ కొట్టడం నాకిష్టం లేదు. ఆ డబ్బుతో పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీని 20 కిలోహెర్ట్జ్ పైకి మార్చుకునే మెనూ ఉన్న వార్మ్ వైట్ పార్‌లు రెండు కొంటా. చెవికందని ఈలైతే నాకు అభ్యంతరం లేదు.

మాడ్యూల్ రాగానే ఎరుపు 128లో పెట్టి, ఛార్జర్ ఉంచి ఒకటి, పీకి ఒకటి రికార్డ్ చేస్తా. −76 కంటే కిందికి దిగితే చాలు, ఆ ఫైళ్లు రెండూ పెడతా.