బ్రిమ్‌ఫీల్డ్ సంతలో పాత బేస్‌బాల్ గ్లవ్‌లు

మసాచుసెట్స్‌లో రూట్ 20 పట్టుకుని పోతే బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. మే, జులై, సెప్టెంబరుల్లో ఒక్కో వారం ఆ రోడ్డుకి రెండు పక్కలా ఉన్న పొలాలన్నీ పాతసామాన్ల సంతగా మారిపోతాయి. 1959 నుంచీ జరుగుతోంది. వర్సెస్టర్, ష్రూస్‌బరీ వైపు ఉండే తెలుగువాళ్లకి పెద్ద దూరమేం కాదు. ఒక్కో పొలం గేటు ఒక్కో రోజు, ఒక్కో వేళకి తీస్తారు. మంచి సరుకు కావాలంటే మంగళవారం తెల్లారేసరికి అక్కడ ఉండాల్సిందే. మేం వెళ్లేటప్పటికే బేరగాళ్లు టార్చిలైట్లు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నారు.

గ్లవ్‌ల కోసం వెళ్లేవాళ్లు జేబులో పెట్టుకోవాల్సినవి నాలుగే: చిన్న టార్చి, పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సు, యూవీ టార్చి, నగదు. కంపెనీల పాత కేటలాగుల పేజీలు ఫోన్లో ఉంటే ఇంకా మేలు. గ్లవ్ మీది మోడల్ నంబరు ఏ ఏడాది కేటలాగులో మొదలై ఏ ఏడాది మాయమైందో అక్కడే తేల్చుకోవచ్చు.

మొదట ఆగిన బల్ల మీద పాతకాలపు బేస్‌బాల్ దిగ్గజం టెడ్ విలియమ్స్ సంతకం అచ్చు ఉన్న గ్లవ్ ఒకటుంది. చీటీ మీద '1941' అని రాశారు. ఆయన .406 బ్యాటింగ్ సగటుతో కొట్టిన ఏడాది కాబట్టి ధర కూడా ఆ స్థాయిలోనే ఉంది. తిప్పి చూస్తే అరచేతిలో సియర్స్ అనే దుకాణాల కంపెనీ పేరు ఉంది. విలియమ్స్ ఆట మానేసింది 1960లో, సియర్స్‌తో ఒప్పందం ఆ తర్వాతి సంగతి. పైగా నాలుగు వేళ్లనూ కలుపుతూ కొసల్లో లేసు ఉంది, మణికట్టు దగ్గర జపాన్ ముద్ర ఉంది. ఇరవై ఏళ్ల తేడా! అమ్మేవాడు మోసగాడేమీ కాదు, సంతకం చూసి లెక్క కట్టాడంతే. ఈ సంతలో సగం చీటీలు ఇలాగే రాస్తారు.

ఆటగాడి పేరుకి వయసు లెక్కలో చివరి చోటే ఇవ్వాలి. ఆ గ్లవ్‌లో అన్నిటికంటే ఆలస్యంగా పుట్టిన లక్షణం ఏదో వెతకాలి. అంతకంటే ముందు అది తయారై ఉండదు. దీనికి బిల్ డోక్ గ్లవ్ మంచి ఉదాహరణ. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) అయిన డోక్ 1919లో గ్లవ్‌లు తయారుచేసే రాలింగ్స్ కంపెనీ దగ్గరికి వెళ్లి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు తాళ్ల అల్లిక పెట్టమన్నాడు. అప్పటిదాకా ఆ సందులో ఉన్నది అంగుళం వెడల్పు తోలుపట్టీ మాత్రమే. వికెట్ కీపర్ గ్లవ్‌లో అదే చోట ఉండే తోలుముక్కని తలుచుకుంటే అర్థమవుతుంది. అల్లికతో బంతి పడే గుంట, అంటే పాకెట్, అరచేతి నడుమ నుంచి అల్లిక వైపు జరిగింది. పేటెంట్ 1922 ఆగస్టు 22న వచ్చింది. డోక్ 1929లో ఆట మానేశాడు, అతని పేరున్న గ్లవ్ మాత్రం 1950ల దాకా అమ్ముడైంది. కాబట్టి గ్లవ్ మీద ఆ పేటెంట్ తేదీ కనిపిస్తే 1922 తర్వాతిదని మాత్రమే చెప్పగలం, 1922 నాటిదని కాదు.

విల్సన్ అనే మరో కంపెనీ గ్లవ్‌లతో పని తేలిక, ఎందుకంటే కంపెనీ పేరే మారుతూ వచ్చింది. 'థామస్ ఇ. విల్సన్' అని ఉంటే 1916–25 మధ్యది, 'విల్సన్-వెస్టర్న్' అయితే 1925–31, 'విల్సన్ స్పోర్టింగ్ గూడ్స్' అయితే 1931 తర్వాతది. విల్సన్ గ్లవ్ మీద ఎ2000 అనే మోడల్ నంబరు ఉంటే 1957కి ముందుదని ఎవరు చెప్పినా నమ్మక్కర్లేదు. రిజిస్టర్డ్ అనే అర్థంతో వలయంలో ఉండే ఆర్ గుర్తు 1946 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంతో వచ్చింది. చిన్న అక్షరాల్లో 'పేటెంట్ ఆఫీస్' బదులు 'పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ ఆఫీస్' సంక్షిప్తం కనిపిస్తే అది 1975 లేదా తర్వాతది, ఆ కార్యాలయం పేరు మారింది ఆ ఏడే. అట్టపెట్టె దొరికితే చిరునామా చూడండి. ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జులైకి ముందుది కాదు. పెట్టె, గ్లవ్ ఎప్పుడూ ఒకటేనని మాత్రం అనుకోకండి. ఇక్కడ ఖాళీ పెట్టెలు విడిగానే అమ్ముతారు.

అరిగిన ముద్ర చదవడానికి టార్చి ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. తోలుకి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు వేయాలి, అప్పుడు పల్లాల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి. మణికట్టు పట్టీ మీది గుడ్డ లేబుల్‌ని తప్పక అనుమానించాలి. వేరే గ్లవ్ నుంచి ఊడదీసి కుట్టడం మామూలే. లెన్సులో చూస్తే పాత కుట్టు రంధ్రాలు పక్కనే ఖాళీగా కనిపిస్తాయి. యూవీ వెలుగులో దారం నీలం కలిసిన తెలుపుతో మెరిస్తే అది తర్వాతి కాలపు దారమే. 1920ల గ్లవ్ మీద అలాంటి కుట్టు ఉందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టు.

నూనె పట్టించిన గ్లవ్‌లు చాలా కనిపించాయి. పాత తోలు నూనె తాగితే నల్లబడి ఉబ్బుతుంది, ముద్ర అంచులు పూడుకుపోతాయి. మెరుస్తోందని అమ్మేవాళ్లు ఎక్కువ అడుగుతారు, తెలిసినవాళ్లు తక్కువిస్తారు. వేలితో రుద్దినప్పుడు ఎర్రటి పొడి అంటితే తోలు లోపల్నుంచే చివికిందన్నమాట, నూనె దాన్ని బాగుచేయదు. బిగుసుకుపోయిన వేళ్లని బల్ల దగ్గర విప్పి చూడొద్దు, మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది. తెగిన లేసు అసలుదైతే అలాగే ఉంచడం మేలు. కొత్త లేసు వేస్తే చూపుకి బాగుంటుంది, సాక్ష్యం పోతుంది.

అక్కణ్నుంచి ఉత్తరంగా న్యూ హాంప్‌షైర్‌లోని ప్లిమత్ వెళ్లాం. 1880ల్లో వేలు విరిగిన ఆర్థర్ ఇర్విన్ అనే బేస్‌బాల్ ఆటగాడికి మెత్త పెట్టిన గ్లవ్ కుట్టిచ్చిన డ్రేపర్ అండ్ మేనార్డ్ కంపెనీ ఊరది. ఇటుకల ఫ్యాక్టరీ భవనం ఇప్పుడు ప్లిమత్ స్టేట్ యూనివర్సిటీది, పాత పేరుతోనే పిలుస్తున్నారు. వాళ్ల 'లక్కీ డాగ్' కుక్క బొమ్మ ముద్రని సేకర్తలు వెతుక్కుంటారు. ఫ్యాక్టరీ 1937లో మూతపడింది కాబట్టి గ్లవ్ మీద ప్లిమత్ ఊరి పేరు స్పష్టంగా ఉంటే ఆ లోపుదే. డీ అండ్ ఎం అనే అక్షరాలు మాత్రమే ఉంటే అంత ధీమా వద్దు. ఫ్యాక్టరీ పోయినా ఆ గుర్తు ఇంకొకరి చేతికి వెళ్లి, తర్వాత కూడా గ్లవ్‌ల మీద పడింది. అలాంటప్పుడు మళ్లీ అల్లిక, వేళ్ల మధ్య లేసు, మోడల్ నంబరు చూసుకోవాల్సిందే.