నాగ్రా ఆపేశాక

చెన్నై సాలిగ్రామంలో మా ఎడిట్ రూమ్‌కి ఈమధ్య ఒక సూళ్లూరుపేట కుర్రాడు వస్తున్నాడు. ప్రైవేట్ పాటలు తీసి కాస్త పేరు తెచ్చుకున్నాడు, ఇప్పుడు వెబ్ సిరీస్ చేతికొచ్చింది. తండ్రీకొడుకులు మాట్లాడుకోకుండా అన్నం తినే సీను. తండ్రి చెయ్యి పెరుగుగిన్నె దాకా వెళ్లకముందే "అన్నా, ల్యాగ్ కొడుతోంది, కట్ చేసేద్దాం" అంటాడు. వాణ్ని అని లాభం లేదు. పాట షూటింగులో నాగ్రా, అంటే సెట్లో పాట వినిపించే యంత్రం, మోగుతూనే ఉంటుంది, షాటు ఎంతసేపు నిలవాలో పాటే చెప్పేస్తుంది. సీనుకి ఆ ఆసరా ఉండదు.

వాడికి, వాడిలాగే పాటల వీడియోల నుంచి సినిమాల్లోకొచ్చిన దర్శకుడు తార్సెమ్ సింగ్ సంగతి చెప్పాను. జలంధర్‌లో పుట్టినాయన. ఆర్‌.ఇ.ఎం. బ్యాండ్‌కి 'లూజింగ్ మై రెలిజియన్' వీడియో తీశాడు, 1991లో ఎంటీవీ ఉత్తమ వీడియో అవార్డు దానికే వచ్చింది. అందరూ అందులో రంగులూ రెక్కలూ చూస్తారు. నేను మొదటి కొన్ని క్షణాలే మళ్లీ మళ్లీ చూస్తా. చీకటి గది, కిటికీ దగ్గర కారుతున్న నీళ్లు, గదిలో పరుగులు పెడుతున్న మనుషులు. గట్టు మీంచి పాలకూజా కింద పడి పగులుతుంది. అప్పుడుగానీ పాట ఎత్తుకోడు. పాట అమ్ముకోడానికి తీసే వీడియోలో పాటనే కాసేపు ఆగమన్నాడు!

2000లో వచ్చిన ఆయన సినిమా 'ది సెల్' నాకంతగా ఎక్కలేదు. కలలున్నంతసేపూ కళ్లప్పగించి చూస్తాం, పోలీసు కథలోకి రాగానే సీటులో కదులుతాం. 'ది ఫాల్' అలా కాదు. సొంత డబ్బు పోసి, యాడ్ షూటింగులకని వెళ్లిన దేశాల్లోనే వీలు చూసుకుని, ఏళ్ల తరబడి తీశాడు. జోధ్‌పూర్ నీలం ఇళ్లు, అభానేరి మెట్లబావి అన్నీ ఉన్నాయి. కానీ సినిమా నిలబడింది ఆస్పత్రి మంచం దగ్గర. హీరో లీ పేస్‌కి నిజంగానే నడవడం రాదని ఆ మంచం పక్కన కూర్చుని అతని కథ వినే పాత్ర వేసిన చిన్నపిల్లను నమ్మించారు. యూనిట్‌లో చాలామందీ అలాగే నమ్మారట. ఆ పిల్ల ఒక మాట సరిగా వినక ఇంకోటి అంటుంది, తడుముకుంటుంది, నవ్వుతుంది. ఆ తడుముకోవడాన్ని కొయ్యకుండా వదిలేశాడు. మా ఎడిటర్లలో ఎంతమంది వదులుతారు? 2008లో అమెరికాలో విడుదలైనప్పుడు సమర్పకులుగా పేర్లు వేసుకున్న దర్శకులు డేవిడ్ ఫించర్, స్పైక్ జోన్జ్ కూడా పాటల వీడియోల నుంచి వచ్చినవాళ్లే.

తర్వాత టీవీ. 2017లో 'ఎమరాల్డ్ సిటీ' అనే సిరీస్ పది ఎపిసోడ్లూ ఆయనే తీశాడు. ఒక్క సీజన్‌తో ఆపేశారు. ఇక్కడ సీరియల్ వాళ్లకి చెబితే "పదేనా?" అని నవ్వుతారు, రోజుకో ఎపిసోడ్ ఫుటేజ్ ఇవ్వాల్సిన టెన్షన్ వాళ్లది.

2023లో పంజాబీలో 'డియర్ జస్సీ' తీశాడు, టొరంటో చిత్రోత్సవంలో ప్లాట్‌ఫామ్ బహుమతి వచ్చింది. పాత ఆర్భాటం చాలావరకు లేదు. ఇది ఆయన సినిమాయేనా అన్నాడు మావాడు. నాకైతే ఆస్పత్రి సీన్లు తీసినాయనే కనిపించాడు.